వాల్వు కట్టినా ఆగని నీళ్లు

పాముచెవులాయన వీధిలో వంగి నిలబడ్డాడంటే ఆ చుట్టుపక్కల పిల్లి కూడా గొంతు సవరించుకోకూడదు. అలాగని ఎవరూ చట్టం చేయలేదు, తవ్వకం పని మేస్త్రే అలా చూసుకునేవాడు. తెల్లవారుతుండగా, బస్సులింకా రోడ్డెక్కకముందే, నీటి సరఫరా ఆఫీసు బండి వాళ్లను ఏదో ఒక వీధి మొదట్లో దించేది. ఆయన కర్ర తీసేవాడు. కర్ర అని పేరే గాని అది సన్నటి ఇనుప కడ్డీ, తలమీద చెక్కతో చేసిన చిన్న దొప్ప. మొన నేలకు తాకించి, దొప్పకు ఎడమ చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నేల లోపల పైపుకు చిల్లుపడితే నీళ్లు బుసకొడతాయి. మనకు వినపడదు, ఆయనకు వినపడేది. బుస ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ సుద్దతో ఇంటూ గుర్తు గీసి పక్కకు తప్పుకునేవాడు. మేస్త్రి మనుషులు ఆ గీతమీద గునపం వేస్తే నీళ్లు ఎగజిమ్మేవి.

ముప్ఫై ఏళ్లలో తన గీత ఒక్కసారి కూడా తప్పలేదని ఆయన చెప్పుకునేవాడు. రెండుసార్లు తప్పిందని మేస్త్రి లెక్క. కాని ఆ మాట ఆ చెవుల్లో పడకుండా అనాలంటే పక్క ఊరికి పోవాలి కదా, అందుకని మనసులోనే అనుకునేవాడు. సిగరెట్లు మానమని ఇల్లాలు పోరేది. రక్తపోటు ఉంది, మాత్ర వేసుకోమని ఆఫీసు డాక్టరు చెప్పాడు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అనేవాడు పాముచెవులాయన. మనిషికి గర్వం జాస్తి. అలా అని తప్పు పట్టడానికీ లేదు. గర్వపడడానికి ఆయనకున్న ఆస్తి ఆ చెవులే. ఆయన గీస్తే రోడ్డు తవ్వుతారు. ఇంకొకరు గీస్తే ఎందుకని అడుగుతారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. దిండుకు చెవి ఆనగానే వినపడింది. ష్... ష్... ష్...

లేచి కూర్చున్నాడు. ముందు కలిగింది భయం కాదు, సంబరం.

"ఏమేవ్! దొంగ మనింట్లోనే ఉన్నాడే!"

ఇల్లాలు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎవరండీ? ఎక్కడ?"

"గోడలో పైపు కారుతోంది. విను."

ఆవిడ గోడకు చెవి పెట్టింది. "నాకేం వినపడట్లేదు."

"నీకూ వినపడితే ఇంక నాకెందుకిస్తారు జీతం?"

వంటింటి కుళాయి బిగించాడు. మేడమీది తొట్టి వాల్వు కట్టాడు. గేటు దగ్గరి వాల్వూ కట్టాడు. ఇల్లు మొత్తంలో చుక్క నీరు కదిలే దారి లేదు. అయినా ష్... ష్... అంటూనే ఉంది. బాత్రూములోకి వెళ్తే మరీ గట్టిగా తోచింది. చిన్న గదిలో ఏ చప్పుడైనా పెద్దదవుతుందని ఆయనకు తెలియక కాదు, కాని పట్టుదల పట్టాక తెలివి పక్కకు తప్పుకుంటుంది. సుత్తి తెచ్చి నేల పలకలు పగలగొట్టాడు. కింద మన్ను పొడిగా, వేలితో తాకితే రాలిపోయేలా ఉంది.

"కొండను తవ్వినవాళ్లకు ఎలుకైనా దొరుకుతుంది," అంది ఇల్లాలు ఆ గుంటలోకి చూస్తూ. "ఇక స్నానాలెక్కడ చేద్దాం?"

ఆయన మళ్లీ గోడకు చెవి పెట్టాడు. చిల్లులోంచి పోయే నీరు ఒకే తీరుగా బుసకొడుతుంది. ఇది అలా లేదు, అలలు అలలుగా వస్తోంది. బాగా ఆలోచించి, ఎక్కడో పాత పంపు ఒకటి కొట్టుకుంటోందనీ, దాని దెబ్బ పైపుల వెంట ఇక్కడిదాకా వస్తోందనీ తేల్చుకున్నాడు. అలా తేల్చుకున్నాక మనసు కుదుటపడింది. కారణం దొరికితే చాలు మనిషికి, అది నిజమైనదే కానక్కరలేదు.

ఆ వారమే దర్జీల వీధిలో ఆయన గీసిన గీతమీద ఛాతీలోతు గుంట తవ్వారు. చుక్క లేదు. మేస్త్రి గుంటలో నిలబడి పైకి చూశాడు.

"గురువుగారూ, కాస్త పక్కకు ఉంటుందంటారా?"

"అక్కడే ఉంది. తవ్వు."

ఇంకా తవ్వారు. పైపు తగిలింది, చెక్కుచెదరకుండా ఉంది. ఆ తర్వాత బడి ముందు తవ్వారు. అక్కడా అంతే. బడి పిల్లలు చుట్టూ చేరి చూస్తుండగా మేస్త్రి మనుషులు మాట్లాడకుండా మన్ను పూడ్చారు. వాళ్లు తిట్టినా బాగుండేది.

ఇంజనీరు పిలిపించి కుర్చీ చూపించాడు. ముప్ఫై ఏళ్లలో ఆ గదిలో ఆయనకు కుర్చీ చూపించడం అదే మొదలు, అందుకే అంచుమీదే కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీమీద గౌరవం లేక కాదు. ఇంకొక్క పొడి గుంట పడితే మిమ్మల్ని బయటికి పంపలేను. స్టోర్సులో కూర్చుందురుగాని."

తల కొట్టేసినట్టయింది. పైపులు వినే మనిషిని నట్లూ బోల్టులూ లెక్కపెట్టమనడం! బయటికి వచ్చి సిగరెట్ వెలిగించాడు. ష్... ష్... ష్... ఆఫీసు వరండాలో కూడా ఉంది అది.

కూతురి ఇంటికి వెళ్తే అక్కడా వినపడింది. ఆ ఇల్లు నాలుగో అంతస్తులో. అల్లుడితో, బాత్రూము గోడ కొట్టి చూడాల్సిందే అన్నాడు.

"మామయ్యగారూ, ఇది అద్దె ఇల్లండీ," అని అల్లుడు నీళ్లు నమిలాడు.

కూతురు మాత్రం తల్లిని వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. మనసు డాక్టరు అన్న మాట అక్కడే మొదటిసారి వచ్చింది.

తర్వాత ఒక రోజు పెద్ద పైపు మరమ్మతు కోసం ఆ వార్డు మొత్తానికి నీళ్లు ఆపేశారు. పైపులన్నీ ఖాళీ చేసి, వాల్వులన్నీ కట్టేశారు. దొంగను పట్టే పద్ధతి అదే. ఒక్కో వాల్వూ కట్టుకుంటూ వస్తే, ఏ వాల్వు కట్టినప్పుడు చప్పుడు ఆగిందో ఆ దారిలోనే చిల్లు ఉన్నట్టు. ఈసారి అన్నీ కట్టారు. మేస్త్రి మనుషులు అన్నాలు తినడానికి పోయారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగు లేదు. ఆయన ఒక్కడే కర్ర ఆనించి చెవి పెట్టాడు.

ష్... ష్... ష్...

నీళ్లు లేని పైపులో నీళ్లు పోతున్నాయి.

కర్రను నేలమీంచి ఎత్తాడు. చప్పుడు ఆగలేదు. కర్రను గోడకు చేరవేసి, వట్టి చెవితో వీధి మధ్యలో నిలబడ్డాడు. ఆగలేదు. నాలుగడుగులు వేశాడు, అదీ వచ్చింది. వేగంగా నడిచాడు. అదీ వేగం పెంచింది. ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా వదిలేసి, ఆ వయసులో, ఆ ఎండలో, మూసిన దుకాణాల ముందు నుంచి పరుగెత్తాడు. ష్‌ష్‌ష్‌ష్ అని అది చెవి పక్కనే పరుగెత్తింది. మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోతే అది ఒక్కసారిగా ఆగలేదు. తనతోపాటే ఆయాసపడి, తనతోపాటే మెల్లమెల్లగా నెమ్మదించింది.

అంతలో ఎడమ కంటిమీదికి పైనుంచి బూడిదరంగు తెర దిగింది, దుకాణం షట్టరు దించినట్టు. వీధి సగం పోయింది. కుడిచేతిలోని సుద్దముక్క కింద పడింది, వేళ్లు దాన్ని వదిలిన సంగతి ఆయనకు తెలియలేదు. మేస్త్రీ అని అరవబోయాడు. నోట్లోంచి వచ్చింది ఆ మాట కాదు, అసలు మాటే కాదు. ఆయనకు మాత్రం తన నోటిలోంచి ఇంకెవరో మాట్లాడినట్టుంది.

కాసేపటికి షట్టరు లేచింది. వేళ్లు కదిలాయి. మేస్త్రి వెతుక్కుంటూ వచ్చేసరికి ఆయన గోడ నీడలో కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది గురువుగారూ? మొహం పాలిపోయింది?"

"ఏం లేదు. ఎండ."

స్టోర్సు గది కళ్లముందు కనపడుతుంటే ఎవరు మాత్రం నిజం చెబుతారు? చెప్పవలసింది. పోయే ప్రాణాన్ని పక్కన పెట్టి పోయే పరువును పట్టుకున్నాడు. చాలామంది మగవాళ్లు చేసే పనే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచంమీద కూర్చున్నాడు. ఇల్లాలు మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు వంక చూశాడు గాని తాగలేదు.

"అది పైపులో లేదే," అన్నాడు. "నా వెంట వస్తోంది. నేను పరుగెడితే అదీ పరుగెడుతోంది. ఇవాళ నా కన్ను మూసింది. నా నోరు మూసింది. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి విను."

ఆవిడ వాదించలేదు. గోడకు చెవి పెట్టింది. నేలకు పెట్టింది. మంచం కోడుకు పెట్టింది. పిచ్చివాడి మాట కాదనకూడదని కూతురు చెప్పింది కాబట్టి పెట్టింది.

"ఏం లేదండీ."

"ఉంది!" అని అరిచాడు. తర్వాత అరుపు ఆగిపోయింది. ఎందుకు తోచిందో గాని తోచింది. అన్ని వాల్వులూ కట్టేశాక కూడా చప్పుడు ఉందంటే, వాల్వు లేని పైపు ఏదో ఒకటి మిగిలి ఉన్నట్టు. ఆయన మెల్లగా కర్ర అందుకున్నాడు. మొనకు తుండుగుడ్డ చుట్టి తన ఎడమ చెవి వెనకాల, ఎముకమీద ఆనించుకున్నాడు. దొప్ప ఆవిడ వైపు తిప్పాడు.

"ఇక్కడ విను."

ఆవిడ వంగి చెవి పెట్టింది. మొదట మొహంలో ఏమీ లేదు. తర్వాత కళ్లు పెద్దవయ్యాయి. నోరు కొంచెం తెరుచుకుంది. కట్టుకున్న మనిషి తలలోపల, చీకట్లో, ఎక్కడో నీళ్లు పోతున్నాయి. ఆగి ఆగి, కొట్టుకుంటూ, ఎవరో పళ్ల సందునుంచి ఊపిరి వదులుతున్నట్టు.

"ఉందండీ," అంది. గొంతు గుసగుసలా వచ్చింది. "ఉంది. నాకూ వినపడుతోంది."

ఆయనకు ఏడుపొచ్చింది. తనకు పిచ్చి లేదన్న సంతోషం ఒకవైపు, ఆ చప్పుడు ఎక్కడుందో తెలిసిన భయం ఇంకోవైపు. ఆవిడ కర్ర కింద పెట్టి, ఆయన తలను రెండు చేతులతో పట్టుకుంది, కుండ పగిలిపోతుందేమో అన్నట్టు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన మెడమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత ఆయన మణికట్టు పట్టుకుని, "చప్పుడు వచ్చినప్పుడల్లా బల్లమీద వేలితో కొట్టండి," అంది. ఆయన కొట్టాడు. ఆవిడ వేళ్ల కింద నాడి, ఆయన వేలి కింద బల్ల, రెండూ ఒకేసారి కొట్టుకున్నాయి.

"అది పంపు చప్పుడమ్మా," అన్నాడు, ఇంకా వదలకుండా.

"పంపే. మీ గుండె."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఇందులో నవ్వడానికేం లేదు గాని, ఆ తప్పు ఆయనే చేయగలడు. వినడం చేతకానివాడైతే చెవిలో హోరని మొదటి వారమే డాక్టరు దగ్గరికి పోయి ఉండేవాడు.

మెడకు జిగురులాంటిదేదో రాసి స్కాన్ చేశారు. డాక్టరమ్మ మిషనుకు ఉన్న చిన్న గుండీ నొక్కగానే గదంతా మోగింది. ష్... ష్... ష్... ఇన్నాళ్లూ ఆయన ఒక్కడి చెవిలో ఉన్నది గోడలకు కొట్టుకుంది. ఇల్లాలు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తర్వాత రంగు మందు ఎక్కించి ఇంకో స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెరమీద వేలు పెట్టి చూపించింది.

"ఇది మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం. లోపల కొవ్వు పేరుకుని ఇక్కడ సన్నబడింది. సిగరెట్లు, రక్తపోటు, రెండూ కలిసి చేసిన పని. సన్నటి దారిలోంచి దూకే రక్తం పైన గోడను కొట్టీ కొట్టీ, ఇదిగో, ఇక్కడ గోలీకాయంత ఉబ్బింది. ఆ ఉబ్బులో రక్తం గడ్డ కడుతోంది. నిన్న కన్ను మూసుకుపోయిందన్నారే, అందులోంచి ఒక నలుసు పైకి పోయింది. ఈసారి పెద్దది పోతే చెయ్యీ మాటా తిరిగి రాకపోవచ్చు. అప్పుడే రావలసింది మీరు, ఆ గంటలోనే."

"పైపు మార్చాలా?"

"మార్చం. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి తీగ మెడదాకా పంపిస్తాం. గుడ్డ తొడిగిన చిన్న జాలీ గొట్టం అక్కడ విప్పుతాం. రక్తం దాంట్లోంచి పోతుంది, ఉబ్బులోకి పోదు. చేసేటప్పుడే నలుసు కదిలే ప్రమాదం కొంచెం ఉంది. లేదని అబద్ధం చెప్పను."

"చెవి పోతుందా?"

"ప్రాణం గురించి చెబుతుంటే చెవి గురించి అడుగుతారేంటండీ!" అని ఇల్లాలు కసిరింది.

"చెవికేం కాదు, ఆ చప్పుడే పోతుంది," అంది డాక్టరమ్మ. "కానీ ఒక్క మాట. రక్తం పలచబడే మందులు ఎక్కించి, రెండు మూడు రోజుల్లో చేస్తాం. ఈలోపు ఆ చప్పుడు దానంతటదే ఆగిపోతే సంతోషపడకండి. దారి పూర్తిగా మూసుకుపోయిందన్నమాట. వెంటనే నర్సును పిలవండి."

ఇలా తిరగబడింది వ్యవహారం. ఇన్నాళ్లూ ఏది ఆగాలని ఇల్లు పగలగొట్టాడో, ఇప్పుడది ఆగకూడదు. వార్డులో మంచంమీద కదలకుండా పడుకుని, ఒక్కో ష్ తర్వాత ఇంకొకటి వస్తుందో రాదో అని ఎదురుచూసేవాడు. కునుకు పడితే ఉలిక్కిపడి లేచి ముందు దానికోసం వెతుక్కునేవాడు. ఇల్లాలు ఆయన చెవి వెనకాల కర్ర ఆనించి పొద్దస్తమానం వింటూ ఉండేది.

"ఉందా?" అనేవాడు.

"ఉంది, పడుకోండి," అనేది.

పక్క మంచం ముసలాయన ఈ తంతు చూసి తన మంచాన్ని కాస్త దూరంగా జరిపించుకున్నాడు.

చేసే రోజు మత్తు ఇవ్వలేదు, తొడ దగ్గర మాత్రం మొద్దుబారేలా చేశారు. కుడిచేతిలో, నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారు. "నేను నొక్కమన్నప్పుడల్లా నొక్కాలి," అంది డాక్టరమ్మ. చేయీ మాటా సరిగ్గా ఉన్నాయో లేదో వాళ్లకు తెలియాలట. ఆ వయసులో ఆ బొమ్మతో పడుకోవడానికి ఆయనకు నామోషీ అనిపించింది, కాని చేయి గట్టిగానే పట్టుకుంది.

తీగ లోపలికి పోతున్నట్టు ఏమీ తెలియలేదు. చప్పుడు మాత్రం తెలిసింది. ష్... ష్... అన్నది సన్నబడి, ఈల అయింది. ఈల ఇంకా సన్నబడి సూదిమొన అయింది. తర్వాత లేదు.

అంత నిశ్శబ్దం ఆయన ఎన్నడూ వినలేదు. నుయ్యి అడుగున ఉన్నట్టుంది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. అయిపోయింది, దారి మూసుకుపోయింది, ఇక చేయి ఉండదు, నోరు ఉండదు, ఇల్లాలిని పిలవాలంటే పేరు రాదు అనుకున్నాడు.

"ఆగిపోయింది!" అని కేక వేశాడు. "డాక్టరమ్మా, ఆగిపోయింది!"

"నొక్కండి," అంది ఆవిడ.

కీచుమంది బొమ్మ.

"మళ్లీ."

కీచుమంది. ఆపమన్నా ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు. చివరికి నర్సు వచ్చి చేతిలోంచి ఊడబెరుక్కోవలసి వచ్చింది.

కొన్నాళ్లకు ఇంటికి పంపించారు. మాత్రలు జన్మాంతం వేసుకోవాలి, సిగరెట్ ముట్టకూడదు, గొట్టం ఎలా ఉందో చూడడానికి స్కాన్లకు వస్తుండాలి. అన్నిటికీ తలూపాడు. మేస్త్రి వచ్చి చూసి, "మీ కుర్చీ స్టోర్సులో కాదు, బండిలోనే ఉందన్నాడు ఇంజనీరు," అని చెప్పి వెళ్లాడు. ఆ మాటకు ఒంట్లో సగం జబ్బు తగ్గింది.

ఆ మధ్యాహ్నం పడుకున్నాడు. దిండుకు ఎడమ చెవి ఆనించడానికి ఇంకా భయమే, అయినా ఆనించాడు. ఏమీ లేదు. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

వినపడింది.

చాలా సన్నగా. అణచిపెట్టినట్టు. ఆగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగి.

కుడిచేతి వేళ్లు కదిపి చూసుకున్నాడు. కదిలాయి. నాడి పట్టుకుని చూశాడు. చప్పుడు నాడితో కలవలేదు. లేచి నిలబడి ఒక అడుగు వేశాడు, అది తన వెంట రాలేదు, ఉన్నచోటే ఉంది. తల తిప్పితే ఒక చెవికి ఎక్కువగా, ఒక చెవికి తక్కువగా వినపడింది. అయితే బయటిదే. గోడ పట్టుకుని, అడుగడుక్కీ ఆగి వింటూ నడిచాడు. ముందుగదిలో తక్కువ. వంటింట్లో ఎక్కువ. వంటింటి వెనకాల సామాన్లు పెట్టుకునే చిన్న గది తలుపు దగ్గర ఇంకా ఎక్కువ. తలుపు తోశాడు.

ఇల్లాలు ముక్కాలిపీటమీద కూర్చుని, తువ్వాలు ముద్దగా చేసి నోటికి అదుముకుని ఏడుస్తోంది.

ఆయనను చూసి ఉలిక్కిపడింది. తువ్వాలు తీసింది.

"ఏమైందే? అంతా బాగైపోయిందిగా, ఇప్పుడెందుకు?"

"బాగైందని చెబితే ఆగుతుందా ఇది?"

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు నేల పగలగొట్టిన రోజు నుంచి."

"రోజూనా?"

"రోజూ మీరు నిద్రపోయాక. ఆ హోరులో మీకు వినపడదని తెలుసుగా." ఆవిడ ముక్కు తుడుచుకుని, అనుమానంగా చూసింది. "ఇప్పుడు వినపడిందా?"

"వినపడింది."

"అక్కడిదాకా?"

"అక్కడిదాకా."

ఆవిడ తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. నిందలా కాదు, నిజంగా దారి తోచనట్టు అడిగింది.

"అయితే ఇకనుంచి నేనెక్కడికి పోయి ఏడవాలండీ?"

ఆయన మూలనున్న బకెట్టు బోర్లించి, ఆవిడ పక్కన కూర్చున్నాడు.